ప్రత్యక్ష ప్రజాస్వామ్యం - అంతర్జాల వేదికలు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రాతినిధ్య ప్రజాస్వామ్యంలో పౌరుడు పాలకుణ్ణి ఎన్నుకుంటాడే గాని తాను పాలించడు. ఐదేళ్లకొకసారి వేసే ఓటు తప్ప, ఆ ఐదేళ్లలో జరిగే వందలాది నిర్ణయాలలో అతనికి నేరుగా పాత్ర ఉండదు. ప్రాచీన ఏథెన్స్‌లో పౌరులు సభ చేరి తీర్మానాలు తామే చేసుకునేవారు. ఆ సభలో స్త్రీలకూ బానిసలకూ చోటు లేదన్నది వేరే సంగతి. రాజ్యాలు విస్తరించాక అందరూ ఒకచోట కూడడం సాధ్యం కాదు కనుక ప్రతినిధులు తప్పనిసరి అన్న వాదం స్థిరపడింది. అంతర్జాలం ఈ వాదాన్ని కదిలించింది. లక్షలాది మంది ఇంట్లో కూర్చునే ఒకే విషయంపై ఒకే వారంలో అభిప్రాయం చెప్పగలుగుతున్నారు. అలా చెప్పిన అభిప్రాయం ఎప్పుడు నిర్ణయంగా మారుతున్నది, ఎప్పుడు అభిప్రాయంగానే మిగిలిపోతున్నది అన్న ప్రశ్నను కొన్ని దేశాల అనుభవాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. ఎస్టోనియాలో 2005 నుంచి అంతర్జాలం ద్వారా ఓటు వేస్తున్నారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఆ మార్గంలోనే పడ్డాయి. తెలంగాణలో 2021 అక్టోబరులో ఖమ్మం జిల్లాలో స్మార్ట్‌ఫోన్ ద్వారా నమూనా పోలింగ్ నిర్వహించారు. ఇవి ప్రతినిధిని ఎన్నుకునే సాధనాన్ని మార్చాయి. ప్రతినిధి చేతిలోని అధికారం మాత్రం అతని చేతిలోనే ఉంది. ఈ వ్యాసం పరిశీలించేది ఆ అధికారంలో పౌరునికి భాగం ఇవ్వజూపిన ప్రయత్నాలను.

తైవాన్: ఏకీభావాన్ని వెతికే పద్ధతి

2014 మార్చిలో తైవాన్ విద్యార్థులు తమ శాసనసభను ఆక్రమించి మూడు వారాలకు పైగా అక్కడే ఉన్నారు. చైనాతో కుదిరిన సేవారంగ వాణిజ్య ఒప్పందాన్ని తగిన చర్చ లేకుండా ముందుకు తెచ్చారన్నది వారి అభ్యంతరం. ‘పొద్దుతిరుగుడు ఉద్యమం’గా పేరుపొందిన ఈ ఘటన తరువాత ప్రభుత్వం ‘గవ్-జీరో’ అనే స్వచ్ఛంద సాంకేతిక నిపుణుల బృందం సహకారం కోరింది. దాని ఫలితమే ‘వీ-తైవాన్’ వేదిక.

ఈ వేదికలో వాడిన ‘పోలిస్’ సాఫ్ట్‌వేర్ పనితీరు వివరంగా తెలుసుకోదగ్గది. ఇందులో పాల్గొనేవారు చర్చనీయాంశంపై ఒక చిన్న వాక్యం రాస్తారు. ఇతరులు రాసిన వాక్యాలు ఒక్కొక్కటిగా వారి ముందుకు వస్తాయి. ప్రతి వాక్యానికి ‘అంగీకరిస్తాను’, ‘అంగీకరించను’, ‘దాటవేస్తాను’ అన్న మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎదుటివారి వాక్యానికి జవాబు రాసే అవకాశం ఉండదు. వాక్యాన్ని కాదనవచ్చు, రాసిన మనిషితో తగవు పెట్టుకోవడం కుదరదు. సామాజిక మాధ్యమాల్లో చర్చ తిట్లలోకి దిగడానికి దారి ఆ జవాబు పెట్టె దగ్గరే మొదలవుతుంది కనుక దాన్ని తీసివేయడం చిన్న మార్పుగా కనిపించినా చిన్నది కాదు.

ఈ సమాధానాలన్నీ ఒక పెద్ద పట్టికగా ఏర్పడతాయి. అడ్డు వరుసల్లో మనుషులు, నిలువు వరుసల్లో వాక్యాలు. గణితపద్ధతిలో ఈ పట్టికను కుదించి, ఒకే రకంగా స్పందించినవారిని దగ్గర దగ్గరగా చూపే చిత్రపటం తయారవుతుంది. తాను ఏ గుంపులో ఉన్నదీ, ఎదుటి గుంపు ఎంత దూరంలో ఉన్నదీ ప్రతి ఒక్కరూ చూడవచ్చు. ఏ వాక్యానికి ఎక్కువ ఓట్లు వచ్చాయన్న దానికంటే, విభేదించే గుంపులు కూడా కలిసి అంగీకరించిన వాక్యం ఏదన్నది ఇక్కడ ముఖ్యం.

2015లో ఉబర్ వివాదంపై ఈ పద్ధతిని ప్రయోగించారు. మొదట్లో ఉబర్ కావాలనేవారు ఒక గుంపుగా, సంప్రదాయ టాక్సీల పక్షాన నిలిచినవారు మరొక గుంపుగా చీలిపోయారు. ఇరుపక్షాలనూ ఆకట్టుకునే వాక్యాల కోసం వెతుకులాట సాగేకొద్దీ ప్రయాణికుల బీమా, వాహనాల నమోదు, డ్రైవర్ల అర్హత వంటి అంశాలపై రెండు గుంపులూ ఒక మాట మీదికి వచ్చాయి. అధికారులు, ఉబర్ ప్రతినిధులు, టాక్సీ సంఘాలవారు పాల్గొన్న సమావేశాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసి, ఈ అంశాలను వారి ముందుంచారు. 2016లో వచ్చిన కొత్త టాక్సీ నిబంధనలలో ఈ కసరత్తు ప్రభావం ఉంది.

అయితే వీ-తైవాన్ తీర్మానాలకు ప్రభుత్వం కట్టుబడి ఉండాలన్న చట్టం లేదు. మంత్రి ఆసక్తి చూపిన విషయం ముందుకు నడిచింది, చూపనిది ఆగిపోయింది. క్రమంగా వేదిక జోరు తగ్గింది. దీనితో పోల్చితే 2015లో ప్రభుత్వమే ప్రారంభించిన ‘జాయిన్’ వేదిక సాంకేతికంగా సాదాసీదాది. కాని దానికొక నియమం ఉంది. ఒక విజ్ఞప్తికి 60 రోజుల్లో 5,000 మంది మద్దతు లభిస్తే సంబంధిత శాఖ రెండు నెలల్లో సమాధానం చెప్పి తీరాలి. 2017లో ఒక పౌరుడు ఆదాయపు పన్ను దాఖలు చేసే సాఫ్ట్‌వేర్ వాడడం నరకంగా ఉందని ఇందులో ఫిర్యాదు చేశాడు. అటువంటి విమర్శకులనే పిలిచి, వారితో కలిసి ఆ సాఫ్ట్‌వేర్‌ను తిరిగి రూపొందించారు. గణితం పోలిస్‌లో ఉంది, గడువు జాయిన్‌లో ఉంది. అధికారిని కదిలించడంలో రెండోదే నమ్మదగినదిగా కనిపిస్తున్నది.

మాడ్రిడ్: చౌరస్తా, టికెట్

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నగరపాలక సంస్థ 2015 సెప్టెంబరులో ‘డిసైడ్ మాడ్రిడ్’ వేదికను ప్రారంభించింది. ఎవరైనా ప్రతిపాదన పెట్టవచ్చు. పదహారేళ్లు నిండిన నగరవాసుల్లో ఒక శాతం, అంటే సుమారు 27 వేల మంది, మద్దతు ఇస్తే దానిపై నగరమంతటా ఓటింగ్ జరుగుతుంది. వేలాది ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. ఆ గీత దాటినవి మాత్రం రెండే. ఒకే కోరికను వందమంది వంద రకాలుగా రాయడంతో మద్దతు చీలిపోయింది. ఇంత రాశిలో నిన్నటి ప్రతిపాదన నేటికి కనుమరుగు కావడం సహజం. అందరికీ మాట్లాడే అవకాశం దొరికింది, వినే తీరిక ఎవరికీ దొరకలేదు.

2017 ఫిబ్రవరిలో జరిగిన ఓటింగ్‌లో రెండు లక్షలకు పైగా పౌరులు పాల్గొన్నారు. ఓటింగ్‌కు వచ్చిన అంశాల్లో ప్లాజా దె ఎస్పాన్యా కూడలి పునర్నిర్మాణ నమూనా ఎంపిక ఒకటి, అన్ని ప్రజారవాణా వాహనాలకూ ఒకే టికెట్ ఉండాలన్న ప్రతిపాదన మరొకటి. కూడలి 2021లో పౌరులు ఎంచుకున్న నమూనాలోనే తిరిగి తెరుచుకుంది. టికెట్ ప్రతిపాదనకు అఖండమైన మద్దతు లభించినా, ఛార్జీల నిర్ణయం నగరానిది కాదు, ప్రాంతీయ రవాణా మండలిది. నగరపాలక సంస్థ తనకు లేని అధికారాన్ని పౌరులకు పంచింది. ఓటు వేసేవారికి ఈ సంగతి ముందే స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

ఐస్‌లాండ్: ఆమోదం పొందీ ఆగిపోయిన ముసాయిదా

2008 ఆర్థిక సంక్షోభం తరువాత ఐస్‌లాండ్ కొత్త రాజ్యాంగ రచనకు పూనుకుంది. 25 మంది సభ్యుల రాజ్యాంగ మండలి 2011లో ముసాయిదాను భాగాలు భాగాలుగా అంతర్జాలంలో ఉంచి, ఫేస్‌బుక్ వంటి మాధ్యమాల ద్వారా వచ్చిన సూచనలను స్వీకరిస్తూ 114 అధికరణాలతో పూర్తి చేసింది. 2012 అక్టోబరులో జరిగిన రెఫరెండంలో ఓటేసినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది దాన్ని ప్రాతిపదికగా అంగీకరించారు. కాని ఆ రెఫరెండం సలహా స్వభావం కలది. పాత రాజ్యాంగం ప్రకారం సవరణను ఒక పార్లమెంటు ఆమోదించాలి, ఎన్నికల తరువాత ఏర్పడే కొత్త పార్లమెంటు మళ్లీ ఆమోదించాలి. 2013 ఎన్నికలకు ముందు ఆ బిల్లు పార్లమెంటులో తుది ఓటింగ్‌కే రాలేదు.

భారతదేశం: భాష అనే తొలి గడప

భారతదేశంలో ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014లో కేంద్రం ఒక విధానాన్ని రూపొందించింది. పర్యావరణ చట్టం కింద జారీచేసే ముసాయిదాలపై అభ్యంతరాలు స్వీకరించే పద్ధతి అంతకుముందు నుంచే ఉంది. 2020 మార్చి నాటి పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాపై లక్షల సంఖ్యలో ఈమెయిళ్లు వచ్చాయి. అయితే ఆ ముసాయిదా ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే వెలువడింది. తమ ఊరి పక్కన వచ్చే గని గురించి, పరిశ్రమ గురించి అభ్యంతరం చెప్పవలసిన తెలుగు రైతుకు ఆ పత్రం చదివే వీలే లేదు. 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి దానిని అనువదించాలని ఆదేశించి, గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. కేంద్రం ఈ ఆదేశాన్ని అమలు చేయడానికి బదులు, అధికార భాషల చట్టం తమపై అటువంటి బాధ్యత మోపలేదంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఈ అంశం తెలుగు భాషా పరిశోధకులు పట్టించుకోవలసినది. తైవాన్ పౌరుడు పోలిస్‌లో రాసిన వాక్యం అతని భాషలో ఉంది. ఐస్‌లాండ్ జనాభా ఆనాటికి సుమారు మూడు లక్షల ఇరవై వేలు. ముసాయిదా మాత్రం ఐస్‌లాండిక్‌లోనే రాశారు, చర్చించారు. ఎనిమిది కోట్లమందికి పైగా మాట్లాడే తెలుగులో ఒక ముసాయిదా వెలువడడానికి న్యాయస్థానం గడప తొక్కవలసి వచ్చింది. పైగా పరిపాలనా తెలుగు నిఘంటువులోని పదాలతో యథాతథంగా అనువదించిన పత్రం, అక్షరాలు తెలిసినవారికి కూడా అర్థం కాని ప్రమాదం ఉంది.

ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరలోని ఒడిశా నియమగిరి కొండల్లో 2013లో జరిగిన సభలను దీని పక్కన ఉంచి చూడవచ్చు. బాక్సైట్ గని తమ మతపరమైన, సాంస్కృతికమైన హక్కులను దెబ్బతీస్తుందో లేదో గ్రామసభలే పరిశీలించాలని ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అటవీ హక్కుల చట్టం ఆధారంగా తీర్పు చెప్పింది. పన్నెండు గ్రామాలలో జిల్లా న్యాయమూర్తి పరిశీలకునిగా సభలు జరిగాయి. డోంగ్రియా కోంధులు, ఇతర గ్రామస్థులు తమ భాషలో మాట్లాడారు. అక్కడ కంప్యూటర్ లేదు, చిత్రపటం లేదు. పన్నెండు సభలూ గనిని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి నిరాకరించింది.