కొత్త కారు: అసలు, కొసరు

మన ఇళ్లలో కొత్త కారు కొనడమంటే పెళ్లి సంబంధం చూడడం లాంటిదే. నెలల తరబడి మాటలు నడుస్తాయి. స్నేహితులు తలా ఒక సలహా ఇస్తారు. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు ఫోన్లో నలుపు వద్దంటారు. నంబరు అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలని ఒకరు పట్టుబడితే, నాలుగు మాత్రం ఉండకూడదని మన చైనా మిత్రులు హెచ్చరిస్తారు. ఇంత ఆలోచించినవాళ్లం, షోరూములో సేల్స్‌మన్ రెండో కాగితం తీసి ముందుకు జరిపేసరికి మెత్తబడిపోతాం. తోలు సీట్లు, బాడీ కిట్, అలాయ్ చక్రాలు, వెనుక కెమెరా, అద్దాలకు నల్ల కాగితం, గుమ్మం దగ్గర వెలిగే దీపాలు. రెండు నెలలు ఆలోచించి కారు ఎంచుకున్నవాళ్లు ఆ కాగితం మీద పది నిమిషాల్లో టిక్కులు పెట్టేస్తారు. వంకాయలు కొన్నా కొసరు అడిగే జాతి మనది. ఇక్కడ కొసరును డబ్బిచ్చి మరీ కొంటున్నామన్న సంగతి మాత్రం గుర్తుండదు.

కిందటేడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మేము చూసిన కారులో రెండు రకాలున్నాయి. కింది రకం వెంటనే దొరుకుతుంది. పై రకంలో ఎయిర్‌బ్యాగులు ఆరు, ముందు బండి హఠాత్తుగా ఆగితే తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటు ఉన్నాయి. దాని ధర 5,000 రింగిట్లు ఎక్కువ, పైగా మూడు నెలలు ఆగాలి. "డాక్టర్, అదే డబ్బులో కింది రకానికి తోలు సీట్లు, బాడీ కిట్, మంచి చక్రాలు వేసి ఇస్తాను. నాలుగు వేలలో అయిపోతుంది. మ్యాట్లూ గొడుగూ ఫ్రీ" అన్నాడు సేల్స్‌మన్. మావారి ముఖం వెలిగింది. నిజం చెప్పాలంటే నా ముఖమూ వెలిగింది. రెండేళ్ల పిల్లవాడున్న ఇంట్లో పెరుగన్నం పడినా తుడిచేసుకోగల సీటంటే ఏ తల్లికి ఆశ ఉండదు?

సంతకం మర్నాడు చేద్దామని ఇంటికి వచ్చేశాం. ఆ రాత్రి నాకు క్యాజువాలిటీలో డ్యూటీ. వానలో కారు డివైడరుకు గుద్దుకున్న ఒక కుటుంబాన్ని తీసుకొచ్చారు. బెల్టు పెట్టుకుని బండి నడిపిన తండ్రికి ఛాతీ మీద కమిలిన గీత తప్ప ఏమీ లేదు. వెనుక సీట్లో తల్లి ఒళ్లో కూర్చున్న పాప సంగతి ఇక్కడ రాయను. కారు కొత్తది. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. తెల్లవారి ఇంటికి వచ్చి, సేల్స్‌మన్ ఇచ్చిన ఆ రెండో కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివాను. అప్పుడు తట్టిన సంగతులనే మన సభ్యులతో పంచుకుందామని ఈ వ్యాసం.

ఆ కాగితంలో నిజానికి రెండు జాబితాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది కంటికి కనిపించేవి: తోలు, చక్రాలు, దీపాలు, పాటల పెట్టె. రెండోది, దేవుడి దయవల్ల ఎన్నడూ కనిపించకూడనివి: ఎయిర్‌బ్యాగులు, చక్రాలు జారకుండా పట్టి ఉంచే ఇ.ఎస్.సి., తనంతట తాను పడే బ్రేకు. మొదటి జాబితాలోవి ఈ రోజు కాకపోతే వచ్చే బోనస్‌కు ఏ వీధిచివరి దుకాణంలోనైనా వేయించుకోవచ్చు. రెండో జాబితాలోవి కర్మాగారంలోనే కారు ఒంట్లో కలిసిపోయి రావాలి. తరువాత ఎంత డబ్బు పోసినా వేయించుకోలేం. కాబట్టి ముందు దేనికి డబ్బు పెట్టాలో ఇట్టే తేలిపోతుంది. కొసరు అని రాసి ఉన్నవాటిలో కొన్ని నిజానికి అసలే.

ఆ తేడా ఎంతటిదో మన దేశంలోనే ఒకసారి రుజువయింది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ భారతదేశంలో అమ్ముడవుతున్న కొన్ని చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని ఫోక్స్‌వాగన్ పోలోకు పెద్దవాళ్ల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు వచ్చాయి. పేరు, రూపం, రంగు అన్నీ ఒకటే. తేడా అల్లా కొనేవాడి ఇష్టానికి వదిలేసిన ఆ వస్తువే. తరువాత ఆ కంపెనీ అన్ని పోలోలకూ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరిగా పెట్టింది. భారత ప్రభుత్వం 2019 జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగును, ఆ పైన పక్కసీటుదానిని కూడా నిర్బంధం చేసింది.

మలేసియాలోనూ కథ ఇలాగే నడిచింది. 1985 జూలై 9న ప్రోటాన్ సాగా వచ్చినప్పుడు దానిలో ఎయిర్‌బ్యాగన్న మాటే లేదు. ముందు సీట్లకు బెల్టు 1979లో నిర్బంధమయింది. వెనుక సీట్లకు ఆ చట్టం రావడానికి ముప్పై ఏళ్లు పట్టి 2009 జనవరి 1న వచ్చింది. రోడ్డు ప్రమాదాల మీద పరిశోధన చేసే మీరోస్ సంస్థ 2007లో ఏర్పడింది. మన ప్రాంతపు కార్లను గుద్దించి నక్షత్రాలిచ్చే ఆసియాన్ ఎన్‌క్యాప్ 2011లో మొదలయింది. 2017 నవంబరులో వచ్చిన పెరొడువా మైవీలో, తనంతట తాను పడే బ్రేకు అన్నిటికన్నా పైరకంలోనే ఉండేది. 2021లో అది కిందిరకానికీ దిగివచ్చింది. నిన్నటి విలాసం నేటి అవసరంగా, రేపటి చట్టంగా మారుతూ వస్తోందన్నమాట. చట్టం వచ్చేదాకా ఆగాలా అన్నది మన ఇష్టం.

అయితే ఎయిర్‌బ్యాగు ఉంది కదా అని బెల్టు మానేసేవాళ్లను చూస్తే నాకు భయం. ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడు మాత్రమే, బదులు కాదు. బెల్టు లేని మనిషి ముందుకు విసురుగా వస్తుండగా అది రెప్పపాటులో ఎదురుగా పేలుతుంది. అప్పుడు కాపాడవలసినదే గాయం చేస్తుంది. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో కారు ప్రమాదంలో నందమూరి హరికృష్ణ గారు మరణించినప్పుడు, ఆయన బెల్టు పెట్టుకోలేదని వార్తల్లో చదివి మనమందరం బాధపడ్డాం. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ గారు ప్రయాణించిన కారు ఎంతో ఖరీదైనది. ఆయన వెనుక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారని పోలీసులు చెప్పారు. బెల్టు కొసరు కాదు, దానికి విడిగా డబ్బు కట్టనక్కరలేదు. 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ మూడు చోట్ల పట్టి ఉంచే ఈ బెల్టును రూపొందిస్తే, ఆ కంపెనీ దాన్ని ఇతర కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది. ఉచితంగా దొరికినదానికి విలువ ఇవ్వకపోవడం మాత్రం మన తప్పే.

డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి సంగతి కూడా చెప్పాలి. గుడిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, స్వామిని బంకతో అంటించడం మనందరి ఆచారం. నేనూ చేశాను. కానీ ఎడమ పక్క సీటు ఎదురుగా ఎస్.ఆర్.ఎస్. అని అక్షరాలున్న మూత మీద అంటించకండి. ఎయిర్‌బ్యాగు ఆ మూతను చీల్చుకుని వస్తుంది. అప్పుడు ఆ విగ్రహం రాయిలా ఎగిరి ముఖానికి తగులుతుంది. మా స్వామిని మధ్యలో, గేరు ముందున్న గూట్లో కూర్చోబెట్టాం. సీట్ల పక్కల్లో ఎయిర్‌బ్యాగులున్న కారుకు బయట దొరికే మందపాటి కవర్లు తొడిగినా ఇదే చిక్కు. బ్యాగు బయటకు రావడానికి దారి ఉండదు.

ఇక అద్దాల నలుపు. ముందు అద్దం నుంచి కనీసం 70 శాతం, ముందు పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలని ఇక్కడి నిబంధన. వెనుక అద్దాలకు 2019 మేలో ఆ పరిమితి తీసేశారు. ఎండ సంగతి నిజమే. కానీ సాయంత్రం అయిదింటికి ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసే ఈ దేశపు వానలో, పక్కనుంచి వచ్చే మోటారు సైకిలు కనబడకపోతే ఆ చల్లదనం ఏం చేసుకోను?

అన్నిటికన్నా పెద్ద ఎక్స్‌ట్రా సేల్స్‌మన్ కాగితంలో లేనే లేదు. అది పిల్లల సీటు. 2020 జనవరి 1 నుంచి ఇక్కడ దాన్ని చట్టం చేశారు. మా ఇంట్లో మాత్రం చట్టం కన్నా మా అత్తగారిని ఒప్పించడం కష్టమయింది. "ముగ్గురిని ఎత్తి పెంచాను. నా మనవణ్ణి నేను పట్టుకోలేనా? వాణ్ణి కుర్చీకి కట్టేస్తానంటావేమే?" అన్నారు. అసలు కంటే వడ్డీ ముద్దని మనకు సామెత ఉండనే ఉంది. ఆవిడ ప్రేమను నేను కాదనలేదు. ఒక లెక్క మాత్రం చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గోడకు గుద్దుకోవడమూ, పది మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడడమూ ఒకటే. ఉగాదికి బాగన్ దతోకు వెళ్లినప్పుడు ఆవిడ అక్కడి కొబ్బరితోటలు చూశారు. మన తెలుగువాళ్లు తరతరాలుగా పనిచేసిన తోటలవి. "అత్తయ్యా, ఆ చెట్టు మొవ్వు దగ్గరనుంచి పన్నెండు కిలోల పిల్లవాడు పడుతుంటే కింద నిలబడి చేతులతో పట్టుకోగలరా?" అని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ కుర్చీ ఏదో మెత్తగా ఉండేది చూడు" అన్నారు.

డబ్బు మాట కూడా దాచను. బ్యాంకులకూ అసలు కంటే వడ్డీయే ముద్దు. మాకు రాసిచ్చిన అప్పులో ఏడాదికి 3 శాతం, తొమ్మిదేళ్లు, మొదటి అసలు మీదనే చివరిదాకా వడ్డీ. ఆ లెక్కన 4,000 రింగిట్ల తోలు, చక్రాలకు వడ్డీయే 1,080. పై రకానికి ఎక్కువయిన 5,000కు 1,350. రెండూ మోసే శక్తి మాకు లేదు. పై రకం తీసుకుని, తోలు మానేసి, మూడు నెలలు పాత బండిలోనే తిరిగాం. మావారు ఆ చక్రాల బొమ్మను ఇంకా ఫోన్లో దాచుకున్నారు.

సంతకం పెట్టే ముందు సేల్స్‌మన్‌ను ఈ నాలుగూ అడగండి.

1. ఆసియాన్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు ఈ రకానికి వచ్చినవేనా, పై రకానికి వచ్చినవా? బ్రోషరులో ఒకే బొమ్మ ఉంటుంది.

2. ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఎక్కడెక్కడ? ఇ.ఎస్.సి. ఉందా?

3. వెనుక మధ్య సీటుకు కూడా మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా? పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కడున్నాయి? చేతితో తడిమి చూడండి.

4. మీరు అడిగే ఎక్స్‌ట్రా ఏడాది తరువాత బయట వేయించుకోగలిగినదేనా? అవునంటే ఇప్పుడు వదిలేయండి.

కారు వచ్చిన రెండో నెలలో ఇపో నుంచి తిరిగి వస్తుంటే బిడోర్ దాటాక వాన పట్టుకుంది. ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మావారి కాలు బ్రేకు మీదకు వెళ్లేలోపే కారు కీచుమని తనంతట తాను బ్రేకు వేసుకుంది. నా హ్యాండ్‌బ్యాగు ఎగిరి ముందు అద్దానికి తగిలింది. తెరిచి ఉన్న పెరుగన్నం డబ్బా సీటంతా ఒలికింది. పిల్లవాడు తన కుర్చీలో ఉన్నచోటే ఉండి, కారు మళ్లీ అలా చేయమన్నాడు. మా అత్తగారు తన బెల్టును ఒకసారి తడిమి చూసుకున్నారు. ఆ మరక ఈనాటికీ పోలేదు. గుడ్డ సీటు కదా.

చివరగా ఒక మనవి. మన సంఘంలో చాలా ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లయిపోయి, వాళ్ల కారు సీట్లు అటక మీద పడి ఉంటాయి. ప్రమాదానికి గురికానిది, పట్టీలు సరిగా ఉన్నది, మరీ పాతది కానిది మీ ఇంట్లో ఉంటే వచ్చే సభకు తీసుకురండి. కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఇద్దాం. ఎలా బిగించాలో నేను చూపిస్తాను.