కడలి పోకడ

తూర్పు కనుమల నడుమ నెలకొన్న అడ్డతీగల ప్రాంతంలో వర్షాకాలమంటే వాగులు పొంగే కాలం. తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నప్పటికీ, ఎగువ కొండలలో కురిసిన వాన కొద్దిసేపటికే దిగువ వాగును పొంగిస్తుంది. నీటి రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకువచ్చినా, ప్రవాహపు హోరు హెచ్చినా గిరిజనులు వాగు దాటకుండా ఒడ్డునే ఆగిపోతారు. ఎక్కడో కురిసిన వాన కాళ్ళ ముందరి నీటిని మారుస్తుందన్న ఎరుక వారి జీవనంలో భాగం. సముద్రతీరంలో ప్రాణాలను కాపాడేది కూడా ఈ ఎరుకే.

మన్యం నుండి విహారయాత్రకు బయలుదేరే విద్యార్థులకు కాకినాడ, ఉప్పాడ తీరాలు చేరువలోనివి. ఈ రెండు చోట్లా సముద్రం ఒక్క తీరుగా ఉండదు. హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి అడ్డుగా ఉన్నందువల్ల కాకినాడ రేవు వద్ద నీరు సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. ఉత్తరాన ఉన్న ఉప్పాడలో అలల తాకిడి ఎక్కువ. అక్కడ సముద్రపు కోతకు ఇళ్ళు, రహదారి పలుమార్లు దెబ్బతిన్నాయి. ఒక తీరంలో కలిగిన ధైర్యాన్ని మరొక తీరానికి వెంటబెట్టుకొని పోవడం ప్రమాదకరం. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో సముద్రంలోకి దిగిన ఇంజనీరింగు విద్యార్థులు పలువురు అలలకు కొట్టుకుపోయి మరణించారు.

అలలకు మూలం గాలి. ఆ గాలి తీరంలోనే వీచనవసరం లేదు. దక్షిణ మహాసముద్రంలో చెలరేగిన తుపానుగాలుల వల్ల పుట్టిన అలలు కొన్ని రోజుల పాటు వేల కిలోమీటర్లు పయనించి భారతదేశపు తీరాలను తాకుతాయి. అందువల్ల గాలి లేని ఎండపూట సైతం పెద్ద కెరటాలు రావచ్చు. 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఇటువంటి అలలను ముందుగా అంచనా వేసి హెచ్చరికలు జారీ చేస్తుంది. పెద్ద అలలు తరచు గుంపులుగా వస్తాయి. రెండు గుంపుల నడుమ నెలకొనే ప్రశాంతతను చూసి సముద్రం శాంతించిందని భ్రమపడరాదు.

తీరం మీదికి అలలు తెచ్చిన నీరు తిరిగి వెనుకకు పోవాలి. నీటి అడుగున ఉండే ఇసుక తిన్నెల మధ్య సందు ఉన్నచోట ఆ నీరంతా చేరి, ఇరుకైన ప్రవాహంగా సముద్రంలోనికి పరుగెడుతుంది. దీనిని రిప్ కరెంట్ అంటారు. దీని వేగం ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్లను మించుతుంది. ఆరితేరిన ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. తిన్నెల మీద అలలు విరిగి తెల్లని నురుగు కనిపిస్తుండగా, ఈ సందులో లోతు ఎక్కువ కాబట్టి అలలు అంతగా విరగవు. అందువల్ల ఆ చోటు అలజడి లేనట్లు కనిపిస్తుంది. ఈత రానివారు స్నానానికి అనువైనదని ఎంచుకొనేది తరచు అటువంటి చోటునే. పరిసరాలకన్నా ముదురు రంగులో ఉన్న నీటిపట్టీ, ఇసుక కలిసి మడ్డిగా మారిన నీరు, సముద్రం వైపు సాగిపోయే నురుగు దాని గుర్తులు.

ఈ సందులు స్థిరంగా ఉండవు. అలలు ఇసుకను జరిపిన కొద్దీ అవీ జరుగుతాయి. మన తూర్పు తీరంలో దాదాపు పన్నెండున్నర గంటలకొకసారి పోటు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో ఆటుపోట్ల తేడా హెచ్చుగా ఉంటుంది. నిన్న మోకాలిలోతున్న చోట నేడు నిలువులోతు ఉండవచ్చు. ఉదయం నిలిచి ఆడుకొన్న చోటే సాయంత్రానికి ప్రవాహమార్గం కావచ్చు.

కాబట్టి సముద్రంలో దిగదలచినవారు మొదట ఎత్తయిన చోట నిలబడి కనీసం పావుగంటసేపు నీటిని పరిశీలించాలి. అలలు ఎక్కడ విరుగుతున్నాయో, నురుగు ఎటు పోతున్నదో గమనించాలి. ఆనాటి హెచ్చరికలను తెలుసుకోవాలి. ఆ తీరంలోని మత్స్యకారులను అడగాలి. వారు వద్దన్నచోట దిగరాదు. రక్షకులు లేని నిర్జన తీరంలో, బండరాళ్ళ సమీపంలో, చీకటివేళ స్నానం తగదు.

ఒకవేళ ప్రవాహంలో చిక్కుకొంటే ఒడ్డువైపు ఎదురీది అలసిపోకూడదు. ఆ ప్రవాహం మనిషిని లోపలికి తీసుకొనిపోతుందే కాని అడుగుకు లాగదు. వెల్లకిల తేలుతూ, చేయి పైకెత్తి సహాయం కోరాలి. ఈత వచ్చినవారు తీరానికి సమాంతరంగా ఈది, ప్రవాహం నుండి తప్పుకొని, ఆపై అలలు విరిగే చోటుగుండా ఒడ్డుకు చేరాలి. మిత్రుని రక్షించబోయి తామూ ప్రాణాలు కోల్పోయినవారు అనేకులు. ఒడ్డున ఉన్నవారు నీటిలో దూకక, తేలే వస్తువునో, తాడునో విసరి, 112కు ఫోను చేయాలి.

పొంగిన వాగు ఒడ్డున ఆగినవారిని మన్యంలో ఎవరూ పిరికివారని ఎగతాళి చేయరు. వాగు తీసేదాకా ఆగి, ఆపైన దాటుతారు. సముద్రతీరంలో తోటివారు రమ్మని పిలిచినప్పుడు, “ఈరోజు నీరు బాగాలేదు” అని చెప్పి ఒడ్డున నిలిచే విద్యార్థి చూపేది ఆ వివేకమే.