చెరకు తోటలో నిలిచిన 22 ఇళ్లు

చెరకు తోట అనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి బ్యారకులు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మదరాసు నుండి దర్బాను రేవు చేరింది. ఆ ఓడలోను, తరువాతి ఓడలలోను వచ్చిన మన పూర్వులు నేటాల్ తోటలలో ఆ వరుస గదులలోనే సంసారాలు చేశారు. పనివారి కోసం కట్టిన అటువంటి ఇళ్లు అమెరికాలో ఒకచోట నేటికీ నిలిచి ఉన్నవి. వాటి సంగతి ఇక్కడ కొంచెం వివరిస్తాము.

లూయిసియానా రాష్ట్రంలో కౌంటీని 'పారిష్' అంటారు. మిసిసిపీ నదికి ఇరు గట్లమీద ఉన్న సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ పారిష్‌లో, ఎడ్గార్డ్ గ్రామం వద్ద, ఎవర్‌గ్రీన్ అనే చెరకు తోట ఉన్నది. అక్కడి దొర భవనానికి 1832లో గ్రీకు పద్ధతిలో కొత్త రూపమిచ్చారు. ముందు ఎత్తైన స్తంభాలు, వంపు తిరిగిన రెండు మెట్ల వరుసలు. పావురాలకు సైతం వేరుగా మేడలు కట్టారు.

ఆ భవనానికి దూరంగా, ఓక్ చెట్ల బాటకు రెండు ప్రక్కల, బానిసల ఇళ్లు 22 వరుసగా ఉన్నవి. అవి కొయ్య ఇళ్లు. నేల తేమ తగలకుండా దిమ్మెల మీద నిలిపినవి. చాలావాటిలో గదులు రెండే. నడుమ ఒకే పొగగొట్టం, దానికి అటొక పొయ్యి, ఇటొక పొయ్యి. గదికొక కుటుంబం. ముందు చిన్న పంచ.

ఇవి ఎట్లా మిగిలాయి? 1865లో బానిసత్వం రద్దయిన తరువాత కూడ తోట కూలీలు 1940ల వరకు వీటిలో కాపురమున్నారు. మనుషులున్న ఇల్లు త్వరగా కూలదు గదా! 1992లో ఈ తోటను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. అదే పారిష్‌లోని విట్నీ తోటలో మాత్రం ఇటువంటి ఇళ్లను 1970లలో పడగొట్టారు. 2014లో అక్కడ బానిసల చరిత్రకు మ్యూజియం తెరిచినప్పుడు, వేరే తోట నుండి తెచ్చిన ఇళ్లను చూపవలసి వచ్చింది.

బానిసత్వం వేరు, మన వారి గిర్మిట్ వేరు. రెంటినీ ఒకటిగా చెప్పరాదు. అయినా చెరకు ఒకటే, దొర మేడకు దూరంగా పనివారి వరుస ఒకటే. మన బ్యారకులు చాలావరకు పోయాయి. గదికి ఎందరు, పొయ్యి ఎక్కడ, నీళ్లకు ఎంత దూరం నడిచారు, దేవుని పటం ఏ గోడకు ఉండేది, ఇవన్నీ మన తాతలను, అవ్వలను అడిగితేనే తెలుస్తాయి. మా తరగతి పిల్లలచేత ఆ గది పటం గీయించి, ప్రక్కన తెలుగులో పేర్లు వ్రాయిస్తున్నాము. పాఠకులు కూడ ఆలస్యం చేయక తమ ఇండ్లలో ఈ పని మొదలుపెట్టవలెనని కోరుచున్నాము.