ఫోన్ రూట్ చేస్తున్నారా? ఒక్క నిమిషం!

ఉద్యోగ వేటకు వాడే ఫోన్ వేరు, ప్రయోగాలకు వాడే ఫోన్ వేరు. ఈ తేడా పాటిస్తే డబ్బు, డేటా రెండూ భద్రం. రూటింగ్ మీద ఆసక్తి ఉంటే దాన్ని కెరియర్‌గానూ మలుచుకోవచ్చు!

రేపల్లె నుంచి పొద్దున్నే రైలెక్కి తెనాలి కాలేజీకి వచ్చేవాళ్లున్నారు. బాపట్లలో ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతూ క్యాంపస్ డ్రైవ్‌ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. తెనాలిలో రూమ్ తీసుకుని బ్యాంకు పరీక్షలకు ప్రిపేరవుతున్నవాళ్లున్నారు. వీళ్లందరి ఉద్యోగ ప్రయత్నం నడిచేది చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే. హాల్‌టికెట్, ఇంటర్వ్యూ మెయిల్, డిజీలాకర్‌లో మార్కుల మెమో, ఫీజు కట్టే యూపీఐ, ఓటీపీ వచ్చే సిమ్... అన్నీ అందులోనే ఉంటాయి.

మూడేళ్లు వాడేసరికి ఆ ఫోన్ నెమ్మదిస్తుంది. అప్‌డేట్లు ఆగిపోతాయి. కంపెనీ ముందే వేసిచ్చిన యాప్‌లు తీసేద్దామంటే పోవు. అప్పుడే ఏ ఫ్రెండో సలహా ఇస్తాడు, ‘రూట్ చేసెయ్ రా, కొత్త ఫోన్‌లాగా అయిద్ది!’ అని. ఆ మాట విని యూట్యూబ్ వీడియో తెరిచేముందు అసలు రూట్ అంటే ఏంటో చూడండి.

అన్ని గదులకూ ఒకే తాళంచెవి

ఆండ్రాయిడ్ నడిచేది లినక్స్ కెర్నెల్ మీద. ఫోన్‌లో వేసుకున్న ప్రతి యాప్‌కీ అది ఒక ప్రత్యేక యూజర్ నంబర్ ఇస్తుంది. ఒక యాప్ దాచుకున్న సమాచారాన్ని ఇంకో యాప్ తొంగిచూడలేదు. దీన్నే శాండ్‌బాక్స్ అంటారు. హాస్టల్లో ఒక్కో గదికి ఒక్కో తాళం ఉన్నట్టన్నమాట. పక్క గదిలోకి వెళ్లాలంటే వాళ్లు తలుపు తీయాల్సిందే.

రూట్ అంటే అన్ని గదులూ తెరిచే మాస్టర్ కీ. లినక్స్‌లో ఆ యూజర్ నంబర్ సున్నా. మామూలుగా ఫోన్ కంపెనీ దాన్ని మన చేతికి ఇవ్వదు. రూట్ చేస్తే అది మనకు దక్కుతుంది. సిస్టమ్ యాప్‌లు పీకేయొచ్చు, ప్రాసెసర్ వేగం మార్చొచ్చు, పూర్తి బ్యాకప్ తీయొచ్చు. ఇబ్బందల్లా ఒకటే. మనం పొరపాటున ‘గ్రాంట్’ నొక్కితే ఏ యాప్‌కైనా అదే తాళంచెవి దొరుకుతుంది. ఆ యాప్ చెడ్డదైతే బ్యాంకు యాప్ గది కూడా తెరిచినట్టే.

ఒకప్పుడు రూటింగ్‌కు గట్టి కారణాలుండేవి. ఫోన్లలో మెమొరీ తక్కువ, అప్‌డేట్లు అరుదు. 2009లో స్టీవ్ కాండిక్ మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ లాంటి కస్టమ్ రామ్‌లు పాత ఫోన్లకు కొత్త ఊపిరి పోశాయి. 2016 చివర్లో అది ఆగిపోయాక లీనియేజ్ఓఎస్ ఆ పని అందుకుంది. అదే ఏడాది జాన్ వూ తెచ్చిన మ్యాజిస్క్ రూటింగ్ తీరునే మార్చేసింది. సిస్టమ్ ఫైళ్లను నేరుగా ముట్టుకోకుండా, బూట్ ఇమేజ్‌ను మార్చి రూట్ ఇవ్వడం దాని పద్ధతి. విశేషమేంటంటే, ఆయన 2021లో గూగుల్ ఆండ్రాయిడ్ సెక్యూరిటీ టీమ్‌లోనే చేరారు! రూటింగ్ లోతుగా తెలిసినవాళ్లకు సెక్యూరిటీ ఉద్యోగాల్లో ఉన్న విలువ దీన్నిబట్టే అర్థమవుతుంది.

రూట్ చేస్తే పోయేవేంటి?

రూటింగ్‌లో మొదటి మెట్టు బూట్‌లోడర్ అన్‌లాక్. అది చేయగానే ఫోన్‌లోని డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లేకపోతే మీ ఫోన్ కొట్టేసినవాడు బూట్‌లోడర్ తెరిచి అందులోని ఫొటోలన్నీ చూసేస్తాడు. అన్‌లాక్ అయ్యాక ఆన్ చేసిన ప్రతిసారీ ఫోన్ హెచ్చరిక చూపిస్తుంది. ఫోన్‌లో నడుస్తున్నది కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేరేనా అని సరిచూసే వెరిఫైడ్ బూట్ ఇక మునుపటిలా కాపాడదు. కొన్ని కంపెనీలు అన్‌లాక్ అనుమతికి రోజుల తరబడి ఆగమంటాయి, కొన్ని మోడళ్లకు అసలు వీలే ఉండదు.

శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో ఇంకో మెలిక ఉంది. వాటిలో నాక్స్ అనే భద్రతా వ్యవస్థకు ఫ్యూజ్ లాంటిది ఉంటుంది. అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అది శాశ్వతంగా తెగిపోతుంది. తర్వాత ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ వేసినా అతకదు. సెక్యూర్ ఫోల్డర్ లాంటి సదుపాయాలు పోయినట్టే.

ఉద్యోగార్థికి అన్నిటికంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. బ్యాంకు, యూపీఐ యాప్‌లు చాలావరకు ఫోన్ నమ్మదగినదేనా అని గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ ద్వారా అడుగుతాయి. రూట్ అయిందని తెలిస్తే తెరుచుకోవు. ‘దాచిపెట్టే మాడ్యూల్స్ ఉన్నాయి కదా’ అంటారా? ఉన్నాయి. అది దొంగాపోలీస్ ఆట. ఇవాళ దాగింది రేపు గూగుల్ అప్‌డేట్‌తో బయటపడొచ్చు. దరఖాస్తుకు ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి ఫీజు కడదామంటే యూపీఐ తెరుచుకోకపోతే? ఆ నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు! ఇక ‘ఒక్క క్లిక్‌తో రూట్’ అనే యాప్‌ల జోలికి వెళ్లకండి. అవి ఫోన్‌లోని భద్రతా లోపాన్ని వాడుకుని లోపలికి దూరే రకం. అలా దూరాక ఇంకేం చేస్తున్నాయో మీకు కనిపించదు.

రూట్ లేకుండానే చేయొచ్చు

ఒకప్పుడు రూట్ చేస్తేగానీ కుదరని పనులు ఇప్పుడు సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి. అక్కర్లేని సిస్టమ్ యాప్‌లను డిజేబుల్ చేయొచ్చు. కంప్యూటర్‌కు కేబుల్ కలిపి ఏడీబీ ఆదేశాలతో మీ యూజర్ వరకు తొలగించవచ్చు. ఏం తీస్తున్నారో తెలుసుకుని తీయండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్‌తో చాలా ప్రకటనలను ఆపొచ్చు.

ప్రైవసీ విషయంలోనూ అంతే. యాప్ పని చేస్తుండగా అనుమతి అడిగే పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చింది. ఆండ్రాయిడ్ 11లో ‘ఈ ఒక్కసారికే’ అనే ఆప్షన్, చాన్నాళ్లు వాడని యాప్‌ల అనుమతులు వాటంతటవే రద్దయ్యే ఏర్పాటు వచ్చాయి. ఆండ్రాయిడ్ 12లో ప్రైవసీ డాష్‌బోర్డ్ చేరింది. గత 24 గంటల్లో మీ లొకేషన్, మైక్, కెమెరాలను ఏ యాప్ ఎప్పుడు వాడిందో అక్కడ కనిపిస్తుంది. స్క్రీన్ పైమూల పచ్చచుక్క వెలిగితే మైకో కెమెరానో పని చేస్తున్నట్టు.

అసలు ప్రమాదం ‘అలో’ బటన్‌లో!

ఫోన్ రూట్ చేయనివాళ్లు ‘మనకేం ఫర్వాలేదు’ అనుకుంటారు. మాస్టర్ కీ ఇవ్వకపోయినా, ఒక్కో అనుమతీ ఇస్తూపోతే ఒక్కో గది తాళం ఇచ్చినట్టే కదా! లోన్ యాప్‌లు మన రాష్ట్రంలో చేసింది ఇదే. ఐదు వేలో పది వేలో అప్పిస్తామంటూ కాంటాక్టులు, ఫొటోల అనుమతి తీసుకున్నాయి. కట్టడం ఆలస్యమైతే ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపాయి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఈ వేధింపులు భరించలేక భార్యాభర్తలిద్దరూ ప్రాణాలు తీసుకున్నారు. ఇద్దరు చిన్నారులు అనాథలయ్యారు.

అదే నెలలో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్స్, ఫైళ్ల జోలికి వెళ్లకూడదని చెప్పింది. 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణ యాప్‌లకు ఫొటోలు, కాంటాక్టులు అందకుండా గూగుల్ కూడా నిబంధన పెట్టింది. కాబట్టి అప్పిచ్చే యాప్ ఏదైనా ఇవాళ మీ కాంటాక్టులు అడిగిందంటే అది నిబంధన దాటుతున్నట్టే. వెంటనే తీసేయండి. ఇప్పటికే వేధింపుల్లో చిక్కుకుని ఉంటే దాచుకోకండి. ఇంట్లో చెప్పండి, పోలీసులకు చెప్పండి. మనసు బాగోకపోతే టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి.

ఇప్పుడు నడుస్తున్న మోసం వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్. ఆర్టీఓ చలాన్ అని, పీఎం కిసాన్ అని, పెళ్లి శుభలేఖ అని రకరకాల పేర్లతో వస్తుంది. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్ అనుమతి అడుగుతుంది. ఇస్తే మీ ఓటీపీలు అవతలివాడికి వెళ్తాయి. ఉద్యోగార్థులకైతే ‘ఇంటర్వ్యూకి ఈ యాప్ వేసుకోండి’ అనే రూపంలో రావచ్చు. వాట్సాప్‌లో ఏపీకే పంపి ఇన్‌స్టాల్ చేయమన్నారంటే అది ఉద్యోగం కాదు, ఉచ్చు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా అంతే.

ఈ ఐదూ చూసుకోండి

- సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరవండి. ఎస్ఎంఎస్ అనుమతి ఎవరికుందో ముందు చూడండి. మెసేజ్ యాప్, బ్యాంకు, యూపీఐ యాప్‌లు కాక ఇంకేమైనా ఉంటే ఎందుకో ప్రశ్నించండి.
- యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్, డివైజ్ అడ్మిన్ జాబితాలు విడిగా చూడండి. యాక్సెసిబిలిటీ ఉన్న యాప్ మీ స్క్రీన్ చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. దాదాపు రూట్ ఇచ్చినంత పని!
- ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’లో వాట్సాప్, బ్రౌజర్, ఫైల్ మేనేజర్ అన్నిటికీ అనుమతి ఆపేయండి. ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లోనే ఉంచండి.
- సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేయించండి. బూట్‌లోడర్ హెచ్చరిక వస్తే ఆలోచించుకోండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద ఫోన్ సర్టిఫైడ్ అని ఉండాలి. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబర్ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ నంబర్ వివరాలు వస్తాయి.
- ఫోన్‌ను రిపేరుకి ఇచ్చేముందు బ్యాకప్ తీసి రీసెట్ చేయండి. మెయింటెనెన్స్ మోడ్ ఉన్న ఫోన్లలో అది ఆన్ చేస్తే ఫొటోలు, మెసేజ్‌లు షాపువాళ్లకు కనిపించవు.

డబ్బు పోయిందని తెలిస్తే ఫ్రెండ్స్‌ని అడుగుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

రూటింగ్ నేర్చుకోవాలనుందా? ఇలా!

ఇంత చెప్పాక ‘రూటింగ్ జోలికే వెళ్లొద్దంటారా’ అని అడగొచ్చు. వెళ్లండి, కానీ ఉద్యోగ వేటకు వాడే ఫోన్‌లో వద్దు. ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ ఉంటే సిమ్ తీసి, గూగుల్ అకౌంట్ తొలగించి దానిమీద ప్రయోగాలు చేయండి. పాత ఫోన్ లేకపోయినా ఖర్చు లేని దారి ఉంది. ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఎమ్యులేటర్! అందులో ‘గూగుల్ ప్లే’ ఇమేజ్ కాకుండా ‘గూగుల్ ఏపీఐస్’ ఇమేజ్ ఎంచుకుంటే ఏడీబీ రూట్ ఆదేశంతో నేరుగా రూట్ దొరుకుతుంది. పాడైతే తీసేసి ఇంకోటి సృష్టించుకోవచ్చు.

అక్కడి నుంచి మొబైల్ యాప్ సెక్యూరిటీ టెస్టర్ ఉద్యోగానికి దారి ఉంది. యాప్‌ను విప్పి కోడ్ చదవడానికి జాడెక్స్, ఏపీకేటూల్ నేర్చుకోండి. నడుస్తున్న యాప్ ప్రవర్తన గమనించడానికి ఫ్రిడా, నెట్‌వర్క్ రాకపోకలు చూడటానికి బర్ప్ సూట్ వాడతారు. మనవాడే అయిన అజిన్ అబ్రహాం రూపొందించిన మాబ్ఎస్ఎఫ్ ఉచితం. ఏపీకే ఇస్తే అందులోని అనుమతులు, బలహీనతలు రిపోర్టుగా ఇస్తుంది. ఒవాస్ప్ సంస్థ మొబైల్ టెస్టింగ్ గైడ్ కూడా ఉచితమే. సాధనకు దివా, ఇన్‌సెక్యూర్‌బ్యాంక్ లాంటి యాప్‌లున్నాయి. లోపాలు కావాలనే పెట్టి తయారుచేసినవి అవి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అనుమతి లేకుండా ఇతరుల సిస్టమ్‌లలోకి చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. సొంత యాప్‌లు, సాధన యాప్‌లు, కంపెనీలు ప్రకటించిన బగ్ బౌంటీలు... వీటికే పరిమితం కండి.

రెజ్యూమెలో పెట్టుకోవడానికి చిన్న ప్రాజెక్టు కావాలా? మీ ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఎక్కువగా వాడే పది యాప్‌లు తీసుకోండి. ఒక్కోటి ఏ అనుమతులు అడుగుతోంది, అందులో నిజంగా అవసరమైనవెన్ని, లేకపోయినా యాప్ పని చేస్తోందా... పట్టిక వేసి నాలుగు పేజీల రిపోర్టు రాయండి. ‘సెక్యూరిటీ అంటే ఆసక్తి’ అని ఒక లైను రాసుకోవడం కంటే ఇంటర్వ్యూలో ఈ నాలుగు పేజీలే ఎక్కువ మాట్లాడతాయి. శాండ్‌బాక్స్ అంటే ఏంటి, రూట్ ఉన్న ఫోన్‌లో బ్యాంకు యాప్ ఎందుకు తెరుచుకోదు అని అడిగితే తడుముకోకుండా చెప్పగలుగుతారు.

ఈ ప్రాజెక్టుతో ఇంకో మేలూ ఉంది. పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే మీకంటే ముందు నాన్నగారి ఫోన్‌కే రావచ్చు. ఆ ఫోన్‌లో ‘అన్‌నోన్ యాప్స్’ అనుమతి ఆపేసి, 1930 నంబర్ సేవ్ చేసి పెట్టండి. ఈ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు పది నిమిషాల్లో అయిపోయే పని!