పొగగొట్టము చెప్పు సంగతులు

మన పాఠశాలకు పిల్లలను పంపు తలిదండ్రులలో లారీ, ఆటో, టాక్సీ నడిపి జీవించువారు పలువురు గలరు. సొంత కారో, స్కూటరో గలవారు మరికొందరు. బండి పొగ చిమ్మినంతనే “ఇంజను బోరుకు వచ్చినది” అని ఎవరో ఒకరు తేల్చివేయుదురు. వేలకొలది రూపాయల ఖర్చు నెత్తిన పడును. పొగ రంగును, వాసనను, అది వెలువడు సమయమును గమనించి పోయినవాడు మేస్త్రీతో నిలిచి మాటాడగలడు.

పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో దానికి దాదాపు 14.7 రెట్లు గాలి కావలెను. అట్లు మండినచో ముఖ్యముగా మిగులునవి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి. వీనికి రంగు లేదు. కావున కంటికి కనబడు పొగ, మండవలసినది మండకపోవుటచేత గాని, మండకూడనిది మండుటచేత గాని పుట్టును. దీనికొక మినహాయింపు గలదు. లీటరు పెట్రోలు మండినచో దాదాపు లీటరు నీరు పుట్టును. చలి ఉదయమున గొట్టము నుండి తెల్లని ఆవిరి వచ్చి, ఇంజను వేడెక్కగానే ఆగినచో అది ఈ నీరే, భయపడ నక్కరలేదు.

ఇంజను వేడెక్కినను ఆగక, దట్టమై, కొంచెము తీపి వాసనతో గాలిలో నిలుచు తెల్లపొగ వేరు. రేడియేటరులోని కూలెంటు సిలిండరులోనికి కారుచున్నదని దాని అర్థము. తరచు హెడ్ గాస్కెటు పాడై యుండును. రేడియేటరులో నీరు పలుమారు తగ్గుట, ఆయిలు మూత అడుగున పాలు కలిపిన కాఫీ వంటి జిగురు పట్టుట ఈ అనుమానమును బలపరచును. అట్టి బండిని నడుపక షెడ్డుకు లాగించుటయే చౌక. వేడిమీద రేడియేటరు మూత విప్పరాదని అందరికిని తెలియును. అయినను మరల చెప్పుచున్నాను. డీజిలు బండి చలిలో స్టార్టు చేయగా కండ్లు మండించు తెల్లపొగ వచ్చినచో అది మండని డీజిలు. గ్లో ప్లగ్గులను, ఇంజెక్టరులను చూపింపవలెను.

నీలిపొగ విషయముననే ఎక్కువ ధనము వృథా యగును. నీలిపొగ యనగా ఆయిలు మండుచున్నది. కాని అది ఏ దారిని వచ్చుచున్నది? రాత్రియంతయు నిలిచిన బండి ఉదయము స్టార్టు కాగానే గుప్పున చిమ్మి ఆగినచో, లేక ఘాట్ రోడ్డు దిగుచు వదలిన యాక్సిలరేటరును తిరిగి త్రొక్కినపుడు వచ్చినచో, ముందు వాల్వు సీళ్ళను అనుమానింపవలెను. బరువుతో మిట్ట నెక్కుచుండగా ఎడతెగక వచ్చినచో పిస్టను రింగులను, సిలిండరు గోడలను అనుమానింపవలెను. సీళ్ళ పని చాల ఇంజనులలో చిన్నది, బోరు పని పెద్దది. టర్బో గల బండిలో దాని సీలును గూడ చూడవలెను. కంప్రెషను పరీక్ష చేయింపక బోరు పనికి ఒప్పుకొనుట నా మతమున తగదు. పాత టూస్ట్రోకు స్కూటరులలో ఆయిలు పెట్రోలుతోనే కలిసి మండును గనుక కొంత నీలిపొగ సహజమే.

నల్లపొగ వచ్చినచో ఇంధనమునకు తగిన గాలి చాలలేదు. మొదట ఏర్ ఫిల్టరు విప్పి దుమ్ము చూడుడు. ఖర్చు లేని పరీక్ష యిది. తరువాత ఇంజెక్టరులు, సెన్సరులు. కార్బురేటరు బండ్లలో చోకు. లారీలో అధిక బరువు, టర్బో గొట్టపు చీలిక కూడ కారణములే.

ఇంజను చల్లారిన పిమ్మట గొట్టపు లోపలి అంచును గుడ్డతో తుడిచి చూడుడు. పొడి మసి ఇంధనము ఎక్కువైనదనియు, జిడ్డు మసి ఆయిలు మండుచున్నదనియు తెలుపును. గొట్టము బూడిదరంగున నుండవలెనను పెద్దల మాట సీసము కలిపిన పెట్రోలు నాటిది. మన దేశమున కార్లకు ఆ పెట్రోలు అమ్మకము 2000లో నిలిచినది. సిలిండరులోనికే నేరుగా పెట్రోలు చిమ్ము నూతన ఇంజనులలో, అవి బాగున్నను కొంత మసి పట్టును. 2020 ఏప్రిలున వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల నాటి డీజిలు కార్లలోనో, ప్రత్యేకపు ఫిల్టరు మసిని ఆపివేయును. గొట్టము శుభ్రముగా నున్నంత మాత్రమున ఇంజను బాగున్నదనరాదు. డాష్‌బోర్డుపై వెలుగు హెచ్చరిక దీపమును నమ్మవలెను.

అన్నిటికంటె అపాయమైన కార్బన్ మోనాక్సైడునకు రంగు గాని వాసన గాని లేదు. అది మూసిన షెడ్డులో నడుచుచున్న ఇంజను ప్రక్క మనుష్యుని ప్రాణము తీయగలదు. బడి వ్యానులో ఎక్కిన పిల్లలు తలనొప్పి యనియు, కడుపులో త్రిప్పుచున్నదనియు పలుమారు చెప్పినచో, ప్రయాణపు బడలిక యని త్రోసివేయక, సైలెన్సరుకు గాని దాని అతుకులకు గాని చిల్లు పడినదేమో ఆ దినముననే చూపింపుడు.