జీవనశైలి పత్రికల సంపాదకత్వం – పోషణ, స్వేచ్ఛ: హైదరాబాద్ పాతబస్తీ నేపథ్యంలో ఒక పరిశీలన

ఫ్యాషన్, జీవనశైలి పత్రికల సంపాదకవృత్తిని గురించి చర్చించేటప్పుడు అభిరుచి, భాషాపటిమ, దృశ్యస్పృహ వంటి అర్హతలను ముందుగా పేర్కొనడం పరిపాటి. పత్రిక ఖర్చును ఎవరు భరిస్తారన్న ప్రశ్న వెనకబడుతుంది. సంపాదకుల స్వేచ్ఛ, ఆ వృత్తి ఆయుష్షు మాత్రం చాలావరకు దానిమీదనే ఆధారపడి ఉంటాయి.

నేటి జీవనశైలి పత్రికకు పూర్వరూపం స్త్రీల పత్రిక. హైదరాబాద్‌లో ఈ రంగాన స్మరించదగినవారు సుగ్రా హుమాయూన్ మీర్జా (1884–1958). కవయిత్రిగా, నవలాకారిణిగా, యాత్రారచయిత్రిగా పేరొందిన ఆమె 1920లలో 'అన్నిసా' అనే ఉర్దూ మాసపత్రికకు సంపాదకత్వం వహించారు. సంపాదకత్వం ఆమెకు ఉద్యోగం కాదు. మహిళాసంఘాలతోను, స్త్రీవిద్యతోను పెనవేసుకున్న కార్యం. 1934లో తండ్రి పేరిట సఫ్దరియా బాలికల పాఠశాలను స్థాపించారు. కుటుంబ హోదా, సొంత వనరులు ఉన్నవారికే ఇటువంటి మార్గం సాధ్యం. సామాన్య కుటుంబంలోని యువతికి ఇది ఆదర్శం కావచ్చు గాని ఉపాధి కాదు.

తెలుగులో మరో పద్ధతి కనిపిస్తుంది. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో 'గృహలక్ష్మి'ని ప్రారంభించారు. స్త్రీల ఔషధమైన 'లోధ్ర' కూడా ఆయనదే. అంటే పత్రిక చదివే గృహిణే మందు కొనదగిన వ్యక్తి! ఈ ఏర్పాటును తేలికగా నిందించలేం. రచయిత్రులకు వేదిక దొరికింది. అయినా సరుకు యజమానే పత్రికకు యజమాని అయినప్పుడు సలహాకు, ప్రకటనకు నడుమ గీత ఎక్కడ గీయాలన్నది అప్పటినుంచీ ఉన్న చిక్కే.

మాలతీ చందూర్ దారి వేరు. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను ఆమె నాలుగు దశాబ్దాలకు పైగా నిర్వహించారు. వంట మొదలు కుటుంబ సమస్యల వరకు పాఠకుల ప్రశ్నలకు సమాధానాలిచ్చారు. ఆమె సొంత పత్రిక పెట్టలేదు, సరుకు అమ్మలేదు. ఉత్తరాల ద్వారా సంపాదించిన నమ్మకమే ఆమె మూలధనం. వృత్తిలో ప్రవేశించేవారికి ఈ మూడింటిలో అనుసరణీయమైనది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పాతబస్తీకి వస్తే ఈ వృత్తికి కావలసిన వనరులు అక్కడే ఉన్నాయి. ఛత్తాబజార్‌లో ఒకప్పుడు కాతిబులు చేతితో రాసిన నస్తాలీఖ్ లిపి రాతిముద్రణకు వెళ్లేది. నేడు కంప్యూటర్‌పై పెండ్లిపత్రికలు తయారవుతున్నాయి. అక్షరం పుటమీద ఎలా కూర్చోవాలో తెలిసిన పరంపర అది. చార్మినార్ పక్కనే లాడ్‌బజార్. లక్కను నిప్పుసెగపై మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయినీ పొదుగుతారు. హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. అయినా ఫ్యాషన్ పుటల్లో సాధారణంగా ఛాయాచిత్రకారుని పేరు, దుస్తుల రూపకర్త పేరు, దుకాణం పేరు అచ్చవుతాయి. గాజు చేసినవారి పేరు అరుదు.

1995లో నగరంలో మొదలైన జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ మాదాపూర్‌లో నడుస్తోంది. అక్కడ దొరికే శిక్షణ ఒక అర్హత. లాడ్‌బజార్ పనివారితో వారి ఉర్దూలో మాట్లాడి, ఆ పనిని తెలుగులో వివరించగలగడం మరొకటి. పాతబస్తీలో పెరిగిన యువతీయువకులకు ఇది సహజంగానే అబ్బుతుంది. ఇటువంటివారు తొలుత చేయదగిన పని చిత్రం కింది వ్యాఖ్య రాయడం. ఆ వస్తువు ఏమిటి, ఎవరు చేశారు, ఎంత కాలం పట్టింది, ఆ పుటకు డబ్బు చెల్లించినవారు ఎవరైనా ఉన్నారా అన్న నాలుగు విషయాలూ ఆ రెండు పంక్తుల్లో ఇమడాలి. చివరిదాన్ని తొలగించమని ప్రకటన విభాగం అడుగుతుంది.