ఆవిరికి దారి వదిలే మూత

1831 జూన్ 17న అమెరికాలోని దక్షిణ కరోలినాలో ‘బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్’ అనే రైలింజను బాయిలర్ పేలింది. సేఫ్టీ వాల్వ్ నుంచి ఆవిరి బుస్సుమని పోతుంటే ఆ రొద భరించలేక ఫైర్‌మన్ దాని మీటను కదలకుండా పట్టేశాడంటారు. మీటకు కట్టు కట్టాడని కొందరు, దానిమీదే కూర్చున్నాడని కొందరు చెబుతారు. రొద ఆగింది. కాసేపటికి బాయిలర్ పగిలింది, ఫైర్‌మన్ బతకలేదు. వాల్వ్ మాత్రం ఆఖరిదాకా తన పని తాను చేయబోయింది, మనిషే చేయనివ్వలేదు.

ఈ పరికరం పుట్టింది వంట కోసం. ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపిన్ 1679లో లండన్‌లో, బిగుతైన మూత ఉన్న పాత్రలో గట్టి ఎముకలను మెత్తగా ఉడికించి చూపించాడు. లోపల ఆవిరి మితిమీరితే పాత్ర పగులుతుంది కాబట్టి మూతకు ఒక రంధ్రం పెట్టాడు. రంధ్రం మీద బిరడా, బిరడాను అదిమే కమ్మీ, కమ్మీ చివర బరువు. 1682లో రాయల్ సొసైటీ సభ్యులు కొందరు ఆ పాత్రలో వండిన భోజనం కూడా చేశారు. మన ప్రెషర్ కుక్కర్ మీద విజిల్‌గా ఎగిరేది ఆ బరువే.

వంటపాత్రలో పనిచేసిన ఏర్పాటు ఇంజనులోకి వచ్చేసరికి దాని చుట్టూ మనుషులు చేరారు. 1803లో లండన్ దగ్గరి గ్రీనిచ్‌లో ఇంజనీరు రిచర్డ్ ట్రెవిథిక్ తయారుచేసిన అధిక పీడన బాయిలర్ పేలి నలుగురు పోయారు. బాయిలర్ చూసుకోవాల్సిన కుర్రాడు చేపలు పట్టడానికి వెళ్ళాడు. వాడి బదులు నిలబడినవాడు ఇంజను ఆపాడు గానీ ఆవిరిని వదల్లేదు. ట్రెవిథిక్ ఆ తర్వాత బాయిలర్‌కు రెండు సేఫ్టీ వాల్వులు పెట్టాడు, వాటిలో ఒకటి నడిపేవాడు మార్చలేనిది. నీరు తగ్గితే వేడికి కరిగి ఆవిరికి దారిచ్చే సీసపు బిరడా కూడా ఆయన చేర్చిందే.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇంగ్లండ్ రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ 1850లలో చేసిన ఉపాయం. పక్కపక్కన రెండు వాల్వులు, వాటిమీద అడ్డంగా ఒకే మీట, ఆ మీటను మధ్యలో కిందికి లాగిపట్టే ఒకే స్ప్రింగు. డ్రైవరు ఒత్తిడి పెంచుదామని మీటను ఒక పక్క అదిమితే రెండో పక్క వాల్వ్ లేచి ఆవిరి వదిలేస్తుంది. డ్రైవరు బుద్ధి ఎలా ఉన్నా, పీడనం పెంచడం అతని చేతిలో లేదు.

చేతి సంగతి అలా తేలాక ఆవిరి సంగతి మిగిలింది. చదరపు సెంటీమీటరుకు 10 కిలోల పీడనం ఉన్న బాయిలర్ మీద 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సీటును, అంటే వాల్వ్ రంధ్రపు అంచును, మూసి ఉంచాలంటే స్ప్రింగు దాదాపు 200 కిలోల బలంతో దానిమీద కూర్చునే డిస్కును నొక్కాలి. పీడనం ఆ హద్దుకు చేరగానే డిస్కు గోరంత లేస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. ఆ సన్నని సందులోంచి మహావేగంతో దూసుకొచ్చే ఆవిరి సీటును కోసేస్తుంది. ఒకసారి గాడి పడితే వాల్వ్ ఇక పూర్తిగా మూసుకోదు, కారుతూనే ఉంటుంది, కారేకొద్దీ గాడి లోతవుతుంది.

1860లలో అమెరికాలో జార్జ్ రిచర్డ్‌సన్ దీనికి చక్కని విరుగుడు కనిపెట్టాడు. డిస్కు అంచును సీటు కంటే వెడల్పు చేసి, దాని కింద చిన్న గుంట వదిలాడు. డిస్కు రవ్వంత లేవగానే ఆవిరి ఆ గుంటలోకి చేరి ఎక్కువ వైశాల్యాన్ని తోస్తుంది. స్ప్రింగు ఆ తోపును తట్టుకోలేదు. డిస్కు ఒక్క ఊపున పైకి లేచి పూర్తిగా తెరుచుకుంటుంది. మూసుకునేటప్పుడూ అంతే, పీడనం హద్దు కంటే కొంత తగ్గాకే టక్కున కూర్చుంటుంది. సగం తెరిచి నసిగే స్థితి లేకపోయేసరికి సీటు ఆయుష్షు పెరిగింది. ఆ పైన సీటుకూ డిస్కుకూ గట్టి లోహపు పూత వచ్చింది. ఎల్వుడ్ హేన్స్ 1907లో పేటెంటు పొందిన కోబాల్టు-క్రోమియం మిశ్రమలోహాల వంశానిదే ఆ పూతకు నేడు వాడే స్టెల్లైట్. ఎర్రగా కాలినా దాని గట్టిదనం చాలావరకు నిలుస్తుంది.

ఇన్ని చేసినా వాల్వ్ మొరాయించిన రోజులున్నాయి. 1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో పీడనం తగ్గించడానికి ఒక వాల్వ్ తెరుచుకుంది, తిరిగి మూసుకోలేదు. కంట్రోల్ రూములోని దీపం మాత్రం మూసుకున్నట్టే చూపింది. నిజానికి ఆ దీపానికి తెలిసింది మూసుకొమ్మన్న ఆదేశం వెళ్ళిందన్న సంగతే, డిస్కు ఎక్కడుందో దానికి తెలియదు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు అటుగా పోయింది, రియాక్టర్ కోర్‌లో దాదాపు సగం కరిగింది. మెరుగు చేయాల్సింది వాల్వ్‌నే కాదు, అది చెప్పే కబురును కూడా అని అప్పుడు అర్థమైంది.

మన దేశంలో 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి ప్రాణాలు పోయాక, మరుసటి ఏడాదే బెంగాల్‌లో తనిఖీ చట్టం వచ్చింది. దేశమంతటికీ బాయిలర్ల చట్టం 1923లో వచ్చింది. ఉప్పుడు బియ్యం చేసే రైస్ మిల్లుల్లోనూ, చక్కెర కర్మాగారాల్లోనూ బాయిలర్లకు మామూలుగా రెండేసి సేఫ్టీ వాల్వులు కనిపిస్తాయి, ట్రెవిథిక్ పెట్టినట్టే. వాల్వ్ కారుతోందని స్ప్రింగు నట్టు బిగించడం మాత్రం ఏ మిల్లులోనూ జరగకూడదు. బాయిలర్ ఆర్పి, చల్లారాక సీటు అరగదీయించి, పరీక్ష చేయించి, మళ్ళీ సీలు వేయించాలి. ఇంట్లో కుక్కర్ మూతలో కరిగే బిరడా పోయినా ఇదే మాట. సీలో, ఎం-సీల్ ముద్దో పెట్టి ఆ రంధ్రాన్ని మూయకండి. అదే కంపెనీ, అదే మోడల్ బిరడా కొని బిగించండి.